పార్టీలో నడుముకి పిస్టల్, చేతిలో విస్కీ గ్లాసు: టెక్సాస్‌లో ఇది తప్పు కాదా?

ఫ్రిస్కో_శారద
శనివారం నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మావారి కొలీగ్ వాళ్ల గృహప్రవేశం. పొద్దున వ్రతం, సాయంత్రం పెరట్లో పార్టీ. నలభై మంది దాకా ఉన్నాం. పిల్లలకి గాలి కోట పెట్టించారు, ఒక పక్క దోసెల పెనం, ఇంకో పక్క మందు బల్ల. ఆ బల్ల దగ్గర ఒకాయన, మన తెలుగాయనే, చొక్కా టక్ చేసుకుని కుడి నడుముకి తోలు హోల్‌స్టర్‌లో నల్ల పిస్టల్ పెట్టుకున్నాడు. దాచుకోవడం లాంటిదేం లేదు, అందరికీ కనపడేలాగే. చేతిలో విస్కీ గ్లాసు. నేను చూస్తుండగానే మూడోసారి పోయించుకున్నాడు.

మా చిన్నాడికి ఐదేళ్లు. వాడి కళ్లు సరిగ్గా ఆయన నడుము ఎత్తుకి వస్తాయి. "అమ్మా, అది నిజం గన్నా?" అని గట్టిగా అడిగాడు. ఆయన వాడివైపు వంగి "నిజమే నాన్నా" అని నవ్వాడు. వంగినప్పుడు గ్లాసు తొణికి రెండు చుక్కలు హోల్‌స్టర్ మీద పడ్డాయి. మోచేత్తో తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు చల్లబడిపోయింది.

ఇంటావిడని పక్కకి పిలిచి చెప్పాను. "ఆయనకి లైసెన్సుంది అక్కా, ఎప్పుడూ పెట్టుకునే తిరుగుతాడు" అంది. పిల్లల్ని తీసుకుని భోజనం చెయ్యకుండా వచ్చేశాం. ఇప్పుడు గ్రూపులో "శుభకార్యంలో అన్నం తినకుండా లేచిపోయారు" అని ఒకటే మాట.

నేను చేసింది తప్పా? అసలు తాగుతూ తుపాకీ పెట్టుకోవడం ఇక్కడ నేరం కాదా? 911కి చెయ్యాల్సిందా?

ప్లేనో_బావ
టెక్సాస్‌లో ఉంటూ హోల్‌స్టర్ చూసి భయపడితే ఎలాగండీ. 2016 జనవరి 1 నుంచి లైసెన్సున్నవాళ్లు బయటికి కనపడేలా పెట్టుకోవచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు, 21 నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉంటే చాలు. ఆయన చట్టం దాటలేదు.

వరంగల్_పోరడు
బావా, ఆమె అడిగింది హోల్‌స్టర్ గురించి కాదు, మందు గురించి. మూడు పెగ్గులేసిన మనిషికి చెప్పులు ఏడ ఇడిశిండో యాదికుండదు. గసొంటోని నడుముకు తుపాకి ఏంది? పిల్లలు ఉరుకుతున్న జాగల!

శారదక్కా, నువ్వు చేసిందే కరెక్ట్. అన్నం ఇంటికాడ కూడా తినొచ్చు.

కేరీ_కృష్ణవేణి
మా నార్త్ కరోలైనాలో అయితే, అదే తుపాకీ ఆయన దాచి పెట్టుకునుంటే, మొదటి గుక్కకే తప్పు చేసినట్టు. పర్మిట్‌తో తుపాకీ దాచి పెట్టుకున్నవాళ్లు తాగుతూ ఉండకూడదు, అంతకుముందు తాగింది ఒంట్లో ఏ కొంచెం మిగిలున్నా పెట్టుకోకూడదు. సొంత ఇంట్లో, సొంత స్థలంలో మినహాయింపు. 2013 అక్టోబరు నుంచి పర్మిట్‌వాళ్లని మందు పోసే హోటళ్లలోకి రానిస్తున్నారు కానీ, తాగకూడదన్న షరతు అలాగే ఉంది.

తుపాకీ పెట్టుకు తిరగడాన్ని ఇంగ్లీషులో "క్యారీ" అంటారుగా, మా ఊరి పేరే కేరీ కావడంతో ఈ విషయం ఎప్పుడు మాట్లాడినా మా ఇంట్లో నవ్వులే.

హ్యూస్టన్_గుమాస్తా
నేను లాయర్‌ని కాను, లాయరాఫీసులో పన్నెండేళ్లుగా ఫైళ్లు చూస్తున్నా. శారద గారి ప్రశ్నకి జవాబు చాలామంది అనుకునేట్టు ఉండదు, కాస్త ఓపిగ్గా చదవండి.

టెక్సాస్ పీనల్ కోడ్ 46.02లో 2021లో ఒక ముక్క చేర్చారు. మత్తులో ఉండి చేతి తుపాకీ పెట్టుకుంటే నేరం. క్లాస్ ఏ మిస్‌డెమీనర్, అంటే చిన్న నేరాల్లో పై మెట్టు, ఏడాది దాకా జైలు, 4000 డాలర్ల దాకా జరిమానా. ఇంతవరకు బాగుంది. కానీ ఆ వాక్యం అక్కడ ఆగదు. ఆ మనిషి తన సొంత స్థలంలో ఉన్నా, తన అధీనంలో ఉన్న స్థలంలో ఉన్నా, యజమాని ఒప్పుకున్న ప్రైవేటు స్థలంలో ఉన్నా ఆ నేరం వర్తించదు. తన కారులో ఉన్నా, తిన్నగా కారు దగ్గరికి నడుస్తున్నా కూడా వర్తించదు.

అంటే మీరు చెప్పిన పెరట్లో, ఇంటాయన "ఫర్లేదు" అన్నంతసేపూ, ఆయన ఎంత తాగినా ఈ సెక్షన్ కింద కేసు లేదు. అదే మనిషి అదే మత్తులో గేటు దాటి, వీధి చివర పార్కులో నిలబడితే నేరం.

ఇంకోటి గమనించండి. ఇక్కడ నేరం మత్తు, తాగడం కాదు. కృష్ణవేణి గారు చెప్పినట్టు ఒక్క గుక్క లెక్క ఇక్కడ లేదు.

ఫ్రిస్కో_శారద
అంటే నలభై మంది ప్రాణాలకి పూచీ ఇంటాయన "ఫర్లేదు" అన్న ఒక్క మాటేనా? ఆయన ఆ మాట అన్నాడో లేదో కూడా నాకు తెలీదు. అసలు ఆయన్ని ఎవరూ అడిగుండరు.

హ్యూస్టన్_గుమాస్తా
అదే అసలు సంగతి. దాన్నే తిరగేసి చూడండి. ఇంటాయన "అన్నా, తుపాకీ లోపల పెట్టి రండి, లేదంటే వెళ్లిరండి" అని నోటితో చెప్పాడనుకుందాం. చెప్పాక కూడా అక్కడే ఉంటే అది ట్రెస్‌పాస్, అదీ క్లాస్ ఏ మిస్‌డెమీనరే. దుకాణాల తలుపుల మీద తుపాకీతో రావద్దంటూ 30.06, 30.07 అని పెద్ద పెద్ద ఇంగ్లీషు, స్పానిష్ అక్షరాల బోర్డులు చూస్తుంటారుగా, ఇంట్లో ఆ బోర్డుతో పని లేదు. నోటిమాట చాలు.

ఇక 911 సంగతి. హోల్‌స్టర్‌లో ఉన్నంతసేపు వాళ్లు చేసేది పెద్దగా ఉండదు. బయటికి తీసి ఎవరివైపైనా పెట్టాడా, అప్పుడు ఒక్క క్షణం ఆలోచించకుండా చెయ్యండి. 22.05 సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి మనిషివైపు తుపాకీ చూపిస్తేనే నిర్లక్ష్యం కిందకి వస్తుంది. "గుళ్లు లేవనుకున్నా, ఉత్తినే చూపించా" అంటే చెల్లదు. సొంతిల్లయినా, స్నేహితుడి ఇల్లయినా ఒకటే.

ప్లేనో_బావ
గుమాస్తా గారు చెప్పిందే నేనూ చెప్పా, చట్టం దాటలేదని. 😀

వరంగల్_పోరడు
చట్టం దాటలే, బుద్ధి దాటింది.

ఆష్‌బర్న్_రవి
మా వర్జీనియాలో ఇంకో వింత. పర్మిట్ తీసుకుని, చొక్కా కింద తుపాకీ దాచుకుని రెస్టారెంట్‌కి వెళ్తే అక్కడ మందు ముట్టకూడదు. 2010 నుంచి అదే షరతు. అదే తుపాకీ బయటికి కనపడేలా పెట్టుకున్నవాడికి ఆ సెక్షన్ వర్తించదు, బీరు తెప్పించుకోవచ్చు. క్లాసులో కూర్చుని పర్మిట్ తెచ్చుకున్నవాడేమో కోక్ తాగాలి!

నేను కళ్లారా చూశా. మా ఇంటి దగ్గర వింగ్స్ దొరికే చోట కౌంటర్ దగ్గర స్టూలు మీద ఒకాయన, నడుముకి పిస్టల్, ముందు రెండు ఖాళీ పింట్ గ్లాసులు. బార్ అమ్మాయి మూడోది పొయ్యనని చెప్పింది. చట్టం ఆపలేదు, ఆ పిల్లే ఆపింది. ఆయన గొణుక్కుంటూ బిల్లు కట్టి వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. ఆ ధైర్యానికి నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

కేరీ_కృష్ణవేణి
రవి గారూ, శారద గారి పెరట్లో కూడా కావలసింది ఆ అమ్మాయే.

గురి_గోపాలం
పదిహేనేళ్లుగా తుపాకులు ఉన్నవాణ్ణి, షూటింగ్ రేంజ్‌లో కొత్తవాళ్లకి ఆదివారాలు నేర్పిస్తుంటా. ఒకటి గట్టిగా చెప్పాలి. తుపాకీ ఉన్నవాళ్లందరూ ఆ పెద్దమనిషిలా ఉంటారనుకోకండి. మా రేంజ్‌లో ముందురోజు రాత్రి పార్టీ అయి పొద్దున నోరు వాసనొస్తే లోపలికి రానివ్వం, ఎంత పాత మెంబరైనా సరే. మాలో ఇది వాదన కూడా కాదు. మందు, మందుగుండు ఒక చోట ఉండకూడదు, అంతే.

ఎందుకో చెప్తా. పిస్టల్‌లోంచి మ్యాగజీన్ (గుళ్ల పెట్టె) బయటికి లాగేస్తే ఖాళీ అయిందనుకుంటారు చాలామంది. కాలేదు. ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో, ఒక గుండు కూర్చునే ఉండొచ్చు. ముందు మ్యాగజీన్ తియ్యాలి, తర్వాత స్లైడ్, అంటే పైన జరిగే భాగం, వెనక్కి లాగి ఆ గుండుని బయటికి రప్పించాలి, స్లైడ్‌ని వెనకే లాక్ చేసి, లోపల కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. వరస తిరగబడిందా, ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజీన్ తీశాడా, కొత్త గుండు ఛాంబర్‌లోకి ఎక్కేసి ఉంటుంది. వాడేమో ఖాళీ చేశాననుకుంటాడు. మెలకువగా ఉన్నవాళ్లే తడబడే వరస ఇది. మూడు పెగ్గుల తర్వాత "చూడరా, ఖాళీదే" అని తమ్ముడి చేతికిచ్చేవాడిని ఊహించుకోండి.

తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన మన పిల్లల వార్తలు ఈమధ్య ఎన్ని చదివాం? ఇంటికి శవం రావడానికి వారం పడుతుంది. ఆ తల్లిదండ్రులు ఇక్కడ ఏం జరిగిందో కూడా సరిగ్గా తెలీకుండా ఎదురు చూస్తుంటారు.

ఓపీటీ_ఓబులేసు
గోపాలం అన్నా, నాకు భయమేస్తా ఉంది. పోయిన నెలలో మా రూమ్మేట్ ఫ్రెండు ఒకడు తెచ్చినాడు. వాడు సిటిజెను. అందరం బీర్లు తాగినాం. నేను దాన్ని చేతిలో పట్టుకోని ఫోటో దిగినా. ఇన్‌స్టాలో పెట్టినా గూడ. అది తప్పా?

గురి_గోపాలం
గుమాస్తా గారూ, ఇది మీరే చెప్పాలి.

హ్యూస్టన్_గుమాస్తా
ఓబులేసూ, కంగారు పడకు కానీ తేలిగ్గా తీసుకోకు.

ఇది టెక్సాస్ చట్టం కాదు, ఫెడరల్. ఎఫ్1 (చదువు వీసా), దానిమీదే చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ, హెచ్1బీ (ఉద్యోగ వీసా), మొత్తం నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ గుళ్లు గానీ తమ దగ్గర ఉంచుకోవడం నిషేధం. 922(జీ)(5) అంటారు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లేకపోతే లేనట్టే. శిక్ష 2022లో పెంచారు, 15 ఏళ్ల దాకా. "ఉంచుకోవడం" అంటే కొనుక్కోవడమే కాదు, చేతిలోకి తీసుకోవడం కూడా ఆ మాటకిందకి లాగొచ్చు. ఫోటో అంటే సాక్ష్యం నువ్వే తయారుచేసి ఊరందరికీ పంచినట్టు.

గ్రీన్ కార్డు వాళ్లు కొనుక్కోవచ్చు. కానీ తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే వాళ్లని కూడా దేశం నుంచి పంపించెయ్యడానికి ఇమిగ్రేషన్ చట్టంలో విడిగా ఒక కారణమే ఉంది. సిటిజెన్‌కి జరిమానాతో పోయేది, మనవాడికి ఇల్లూ ఉద్యోగం పిల్లల బడీ అన్నీ పోయేంత పెద్దదవుతుంది. శారద గారి పార్టీలో ఆ పిస్టలాయన ఏ స్టేటస్‌లో ఉన్నాడో ఎవరికైనా తెలుసా?

ఓబులేసూ, ఇక్కడ ఇంకేం రాయకు. ఎవరో ఒకరి మాట విని ఏదీ తీసెయ్యకు, పెట్టకు. ఇమిగ్రేషన్, క్రిమినల్ రెండూ తెలిసిన లాయర్‌తో అరగంట మాట్లాడు. యూనివర్సిటీలో విద్యార్థులకి ఉచితంగా సలహా ఇచ్చే లీగల్ ఆఫీసు ఉందేమో ముందు అది అడుగు.

ఓపీటీ_ఓబులేసు
సరే అన్నా. ఈరోజే అడుగుతా.

ఫ్రిస్కో_శారద
గుమాస్తా గారి ప్రశ్న నా బుర్రలో గిర్రున తిరుగుతోంది. ఆ పెరట్లో కనీసం పది మంది ఓపీటీ పిల్లలున్నారు. ఇద్దరు ముగ్గురు ఆయన చుట్టూ చేరి "అన్నా ఒకసారి చూపించన్నా" అంటున్నారు, అది నా చెవులతో విన్నా.

ప్లేనో_బావ
నేను చెప్పేది కూడా వినండి. మా వీధిలో మన ఇళ్లు రెండింట్లో దొంగలు పడ్డారు. బంగారం ఇంట్లో పెట్టుకుంటారని మనమీద కన్ను. ఒకావిడ పూజ చేసుకుంటుంటే వెనక తలుపు పగలగొట్టారు. పోలీసులు వచ్చేసరికి పదకొండు నిమిషాలు. ఆ రాత్రి నుంచి నా భార్యకి నిద్ర లేదు, అప్పుడే కొన్నా. తుపాకీ పెట్టుకునేవాడు షోకు కోసమే పెట్టుకుంటాడని అనుకోవద్దు. భయం కూడా ఒక కారణం.

వరంగల్_పోరడు
బావా, గిది నిజం మాట. మీ ఇంట్ల ఉంచుకో, ఎవలు కాదన్నరు? దొంగ వచ్చినప్పుడు నువ్వు హోషుల ఉండాలె గద. తాగి పండుకున్నోనికి తుపాకి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ప్లేనో_బావ
అది ఒప్పుకుంటా. తాగేరోజు నాది సేఫ్‌లో ఉంటుంది. తాళం నంబరు నా భార్యకే తెలుసు, నాకు చెప్పొద్దని నేనే అన్నా.

కేరీ_కృష్ణవేణి
అదిగో! ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పుంటే మేమంతా మీ మీద పడేవాళ్లం కాదు కదా బావగారూ.

నంద్యాల_నాగిరెడ్డి
మా తావ ఇదంతా చూసి చూసి విసుగొచ్చినోళ్లం. ఒగప్పుడు పెండ్లిలో గాల్లోకి పేల్చకుంటే మగతనం కాదన్నట్టు ఉండె. మా చిన్నాయనకి పన్నెండు బోరు డబల్ బ్యారెల్ లైసెన్సు ఉండాది. మా పెద్దక్క పెండ్లిలో, నాకు తొమ్మిదేండ్లు, సారా తాగి మిద్దె మీంచి పేల్చినాడు. రెండోది పేల్చేటప్పుడు కాలు జారింది. చర్రలు, అదే సన్న సీసం గుండ్లు, పందిరి గుడ్డలోంచి దూసుకోని వచ్చి వంట చేసే మనిషి భుజంలో దిగినాయ్. ఆయప్ప సచ్చిపోలేదు గానీ ఆ చెయ్యి మళ్లా పైకి లేవలేదు. అన్నం గరిటె ఎడం చేత్తో తిప్పడం నేర్చుకున్యాడు. మా చిన్నాయన ఆ పొద్దు నుంచి సారా మానినాడు, తుపాకి ఠాణాలో ఇచ్చేసినాడు. బతికినన్నాళ్లూ ఆ వంటాయన ఇంటికి సంక్రాంతికి బియ్యం పంపిచ్చినాడు. బియ్యంతో చెయ్యి వస్తాదా?

ఫ్రిస్కో_శారద
నాగిరెడ్డి గారూ, ఇది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయా.

హైదరాబాద్_హరిణి
ఇండియా సంగతి వచ్చింది కాబట్టి చెప్తా, మా నాన్నకి రివాల్వర్ లైసెన్సుంది, ఆ కాగితాల పనంతా నాదే. నాగిరెడ్డి గారి చిన్నాయన చేసిన పనికి 2019లో ఆయుధాల చట్టంలో విడిగా ఒక నేరమే పెట్టారు. పెళ్లిళ్లలో, గుళ్ల దగ్గర, ఫంక్షన్లలో సంబరంగా కాల్చి ఎదుటివాళ్ల ప్రాణం మీదకి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అప్పుడే ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించారు. బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లోనో సంచిలోనో కప్పి ఉండాలి, ఊపుతూ చూపించకూడదు. 2016 నిబంధనల్లోనే ఉంది. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఆ రసీదులు మా బీరువాలో కట్టగా ఉన్నాయి.

అక్కడ టెక్సాస్‌లో బయటికి కనపడేలా పెట్టుకోవడం హక్కు, ఇక్కడ కనపడకుండా ఉంచడం షరతు.

పాతకాగితాలు
హరిణి గారి చివరి వాక్యం బాగుంది, దానికి కొంచెం చరిత్ర జోడిస్తా. అమెరికా మొదట్నించీ ఇలా లేదు.

1650ల నడుమ వర్జీనియా వలసవాళ్లు తాగుడు వేడుకల్లో తుపాకులు కాల్చకూడదని చట్టం చేసుకున్నారు. కారణం తాగినవాడి చేతి వణుకు కాదు, తుపాకి మోత వినిపిస్తే స్థానిక తెగలు దాడి చేస్తున్నాయన్న హెచ్చరిక. ఊరికే పేలిస్తే ఆ హెచ్చరికకి విలువ పోతుంది, మందుగుండూ దండగ. నాగిరెడ్డి గారూ, ఆ చట్టంలో కూడా పెళ్లిళ్లకి, అంత్యక్రియలకి మినహాయింపు ఇచ్చారు! పెళ్లి పందిరికి అప్పుడూ అడ్డు చెప్పలేకపోయారు.

అంతర్యుద్ధం తర్వాత అసలు చట్టాలొచ్చాయి. 1867లో కాన్సాస్ తాగినవాడు పిస్టల్ పెట్టుకోవడాన్ని నేరం చేసింది. మిస్సోరి కూడా చేసింది, 1886లో అక్కడి సుప్రీం కోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధం కాదని తీర్పిచ్చింది. ఈ పాత కాగితాలు ఇప్పుడు ఎందుకంటారా? 2022 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు బ్రూయెన్ తీర్పులో, ఈనాటి తుపాకీ ఆంక్షలకి ఆనాటి సంప్రదాయంలో పోలిక చూపించాలంది. దాంతో న్యూయార్క్ కొత్త చట్టం చేసి, మందు పోసే చోట్లకి తుపాకులు తేకూడదంటే దానిమీదా దావా పడింది. అప్పీళ్ల కోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టింది. తాగుడుకీ తుపాకీకీ మధ్య గీత గియ్యడం అమెరికన్ సంప్రదాయంలో లేనిది కాదు. బావగారి లాంటి హక్కుదార్లు దీన్ని హక్కు మీద దెబ్బ అనుకోనక్కర్లేదు.

ప్లేనో_బావ
అనుకోవట్లేదు మాస్టారూ, నేర్చుకుంటున్నా.

డెంటన్_దీపు
ఒక డౌటు. మన బిర్యానీ హోటల్లో బీరు కూడా ఉంటుంది కదా, అక్కడికి తుపాకీతో రావచ్చా? ఎర్ర బోర్డులేవో ఉంటాయంటారు.

హ్యూస్టన్_గుమాస్తా
ఎర్ర అక్షరాలతో 51% అని ఉండే బోర్డు అది. ఆ వ్యాపారానికి వచ్చే రాబడిలో 51 శాతం, అంతకన్నా ఎక్కువ, అక్కడే కూర్చుని తాగే మందు మీద వస్తే ఆ బోర్డు పెట్టాలి. అంటే అసలైన బార్. అక్కడికి తుపాకీతో వెళ్తే, తాగినా తాగకపోయినా నేరమే, అదీ ఫెలొనీ, అంటే పెద్ద నేరం. బిర్యానీ హోటల్లో రాబడి బిర్యానీ మీదే కాబట్టి ఆ లెక్కలోకి రాదు. యజమాని వద్దని బోర్డు పెట్టకపోతే రావచ్చు. కానీ అక్కడ కూర్చుని మత్తెక్కేదాకా తాగితే మళ్లీ 46.02.

డెంటన్_దీపు
మరి ఆ పార్టీ ఆయన తుపాకీ కారులో పెట్టి వస్తే సరిపోయేదా?

గురి_గోపాలం
లోపల పెట్టడం వరకు సరే, తిరుగు ప్రయాణం సంగతేంటి? అసలు ప్రమాదం అక్కడుంది.

హ్యూస్టన్_గుమాస్తా
అవును. తాగి బండి నడిపితే డీడబ్ల్యూఐ. నేరం చేస్తూ కారులో చేతికందేలా పిస్టల్ పెట్టుకుంటే విడిగా ఇంకో కేసు, మామూలు ట్రాఫిక్ టికెట్లకి తప్ప. మా ఆఫీసుకి ఈ జోడీ తరచుగా వస్తుంది. డీడబ్ల్యూఐ ఒక్కటే అనుకుని వచ్చినవాడు రెండో కాగితం చూసి కుర్చీలో కూలబడిపోతాడు.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇంకోటి చూసుకోండి. 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా, పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే అది కూడా నేరమే. పిల్లాడు పేల్చి ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే శిక్ష పెరుగుతుంది. హోల్‌స్టర్ తీసి కుర్చీ మీద పెట్టి బాత్రూముకి వెళ్లే మగాళ్లని నేను చూశా.

మిసెస్_కోనసీమ
ఇంతమంది మాట్లాడారు గానీ ఆ ఇంటావిడ సంగతి ఎవరూ ఆలోచించలేదండి. కొత్తిల్లు, నలభై మంది, పాలు పొంగించిన రోజు. భర్త స్నేహితుణ్ణి ఆ అమ్మాయి ఎలా కాదంటుంది? "లైసెన్సుంది అక్కా" అన్నప్పుడు ఆవిడకీ గుండె దడదడలాడే ఉంటుంది. మన ఇళ్లల్లో మగవాళ్ల మందు బల్ల దగ్గరకెళ్లి ఒక మాట అనడం ఎంత కష్టమో ఆడవాళ్లకే తెలుసు. శారదా, ఆవిడ మీద కోపం పెట్టుకోకమ్మా. ఒకసారి ఫోన్ చెయ్యి.

ఫ్రిస్కో_శారద
కోనసీమ పిన్నిగారూ, మీ మాట చదివాక అదే చేశా.

మొదట ఇద్దరం కాసేపు గృహప్రవేశం చీరల గురించే మాట్లాడుకున్నాం. తర్వాత తనే ఏడ్చేసింది. ఆ రాత్రి పదిన్నరకి ఆయన నిజంగానే తీసి బల్ల మీద పెట్టాడట, పకోడీల ప్లేటు పక్కన. పిల్లలు అప్పటికి లోపల సినిమా చూస్తున్నారు. తను వెళ్లి ఆ తుపాకీ మీద టవల్ కప్పిందట. ముట్టుకోవడానికి భయం, వదిలెయ్యడానికి భయం, అందుకని టవల్. అది విన్నాక నాకూ ఏడుపాగలేదు.

గుమాస్తా గారు చెప్పింది చెప్పాను, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే అది చెల్లుతుందని, వద్దంటే చెల్లదని. తను ఆశ్చర్యపోయింది. "నా మాటకి అంత బలం ఉందా?" అంది. భర్తతో కూడా మాట్లాడింది. ఆయనకీ తెలీదట, లైసెన్సుంటే మనం వద్దనకూడదేమో అనుకున్నాడట. ఇప్పుడు ఆ స్నేహితుడికి ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఆ పెద్దమనిషి మొదట ముఖం మాడ్చుకున్నా, మర్నాడు "చెల్లెమ్మకి సారీ చెప్పు" అని మెసేజ్ పెట్టాడట.

వచ్చే నెల 14న మా చిన్నాడి పుట్టినరోజు, మా పెరట్లోనే. పిలుపులో ఈ వాక్యం పెట్టాను, బాగుందో లేదో చెప్పండి: "మా ఇంటికి తుపాకీ తేవద్దు. కారులో ఉంటే ముందే చెప్పండి, మా సేఫ్‌లో పెట్టి వెళ్లేటప్పుడు ఇస్తాం. తాగినవారికి ఆ రాత్రి ఇవ్వం, మర్నాడు కాఫీతో పాటు ఇస్తాం."

కేరీ_కృష్ణవేణి
కాఫీ మాట చాలా బాగుంది.

హ్యూస్టన్_గుమాస్తా
వాక్యం బాగుంది, ఒక్క సవరణ. మీవారు హెచ్1బీ అయితే ఇతరుల తుపాకీ మీ సేఫ్‌లో పెట్టుకోవద్దు. ఓబులేసుకి చెప్పిందే మీకూ.

ఫ్రిస్కో_శారద
అయ్యో, హెచ్1బీనే! ఆ సేఫ్ ముక్క, కాఫీ ముక్క రెండూ తీసేస్తున్నా. "ఇంట్లోనే పెట్టి రండి" అని ఊరుకుంటా.

వరంగల్_పోరడు
కాఫీ మాత్రం ఉంచక్కా.

ఓపీటీ_ఓబులేసు
యూనివర్సిటీ లీగల్ ఆఫీసులో గురువారం రెండు గంటలకి అపాయింట్‌మెంట్ ఇచ్చినారు. ఏమన్నారో వాళ్లు చెప్పొచ్చు అంటేనే ఇక్కడ రాస్తా. మా రూమ్మేటుకి గూడ ఈ థ్రెడ్ పంపినా, వాడు గూడ పట్టుకున్యాడు ఆ రోజు.

డెంటన్_దీపు
గోపాలం గారూ, కారులో పెట్టుకునే లాక్‌బాక్స్ ఏ సైజుది కొనాలి? మా అన్నయ్య సిటిజెన్, ఆయన కోసం.

గురి_గోపాలం
పిస్టల్ మ్యాగజీన్‌తో సహా పట్టేది చాలు, పుస్తకమంత ఉంటుంది. దానితో ఉక్కు తీగ వస్తుంది, సీటు కింద రైలు చుట్టూ తిప్పి బిగించమనండి, లేకపోతే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. రాత్రంతా కారులో వదలొద్దని కూడా చెప్పండి. తాళంచెవి తాగని మనిషి దగ్గర ఉండాలి, మీ వదిన గారు అయితే మరీ మంచిది.